రవ్వకు వలసిన సందు



మీ ఇంట రేడియో మ్రోగుచుండగా వీధిలో పాత స్కూటరొకటి పోయినచో, పాట నడుమనో వార్తల నడుమనో చిటపటమని యొక ధ్వని వినబడుట మీరెఱిగినదే. బండి దాటిపోగానే ఆ ధ్వనియు నణగును. అది రేడియో దోషము కాదు. ఆ బండి ఇంజనులో, బొటనవ్రేలంతటి యొక చిన్న పరికరము కొనయందు, మిల్లీమీటరైన లేని ఖాళీలో, సెకనుకు నలువది యేబది మాఱులు పుట్టి చచ్చుచున్న నిప్పురవ్వ చేయు సద్దు అది. ఆ పరికరమును స్పార్కు ప్లగ్గందురు. మా ప్రాంతపు మెకానిక్కులు పిలగ్గందురు. ఆ ఖాళీని గ్యాపనియు సందనియు పిలుతురు. నేటి నా ప్రసంగము ఆ సందును గూర్చి. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల బ్రతుకులో అది నడపిన కథను గూర్చి.

ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి తీసికొన్న తెలుగు పంతులుకు ఇంజనుతో పనియేమి యని మీలో కొందఱు నవ్వవచ్చును. బాల్యమున అమరకోశమును, బాలవ్యాకరణమును వల్లె వేసినవాడను. స్పానరు పట్టుట నా విద్య కాదు. అయినను సందు అనునది సంధి శబ్దము నుండి పుట్టిన మాట. సంధి యనగా కలయిక, సందు అనగా ఎడము. ఒక్క మాటయే కలయికకును ఎడమునకును చెల్లుట వింతగా తోచును. ప్లగ్గును చూచిన తరువాత నాకది వింతగా తోచుట మానినది. అందు రెండు లోహపు కొనలు ఎదురెదురుగా నుండును. అవి తాకినచో రవ్వ లేదు. మిక్కిలి ఎడబాసినను రవ్వ లేదు. తగిన ఎడమున్నప్పుడే రవ్వ పుట్టి బండిని నడపును. ఈ విషయముతో నాకు గల సంబంధము మఱియొకటి కలదు. అది నేను చేసిన యొక తప్పునకు సంబంధించినది. దానిని తరువాత మనవి చేసెదను.

ముందుగా ఆ రవ్వ చేయు పనియేమో చూతము. పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమము సిలిండరులోనికి పీల్చబడును. పిస్టను పైకి లేచునప్పుడు ఆ మిశ్రమము అదుమబడును. పాతకాలపు బండ్లలో నాలుగవ వంతునకో అయిదవ వంతునకో అదుమబడెడిది; ఈ కాలపు బండ్లలో తొమ్మిదవ పదవ వంతునకు కుదించుకొనును. సరిగా ఆ సమయమున రవ్వ పడవలెను. రవ్వ పడగా మిశ్రమము మండి, వేడిచే వ్యాకోచించి, పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. ఆ నెట్టుటయే బండి బలము. కాలిన పొగ వెలుపలికి పోగా మరల మొదటికి వచ్చును. ఇంజను నిమిషమునకు మూడువేల మాఱులు తిరుగునప్పుడు, నాలుగు అడుగుల ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు ఇరువదియైదు రవ్వలు, రెండు అడుగుల స్కూటరు ఇంజనులో ఏబది రవ్వలు వేయవలెను. అందొక్కటి తప్పినను మన చెవికి తెలియును. దానినే మెకానిక్కులు మిస్సు కొట్టుట యందురు.

గాలి విద్యుత్తును సులభముగా పోనీయదు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఎడమును దాటుటకు మూడు నాలుగు వేల వోల్టులు కావలెను. 1889లో ఫ్రీడ్రిచ్ పాషెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికొక నియమమును కనుగొనెను. దాటవలసిన దూరమును, వాయువు ఒత్తిడిని గుణింపగా వచ్చు లబ్ధమును బట్టి కావలసిన వోల్టులు నిర్ణయమగునని దాని సారము. ఇంజనులోని స్థితిగతులలో ఆ లబ్ధము పెరిగిన కొలది వోల్టులును పెరుగవలెను. అదిమిన మిశ్రమములో రవ్వ దుమికించుటకు పదివేల వోల్టులు, అంతకంటె నెక్కువయు, కావలసి వచ్చుట ఇందుచేతనే.

దీనినిబట్టి సందు పెద్దదైన ఏమగునో, చిన్నదైన ఏమగునో ఊహింపవచ్చును. సందు చిన్నదైనచో రవ్వ సులభముగా దుముకును, గాని అది పొట్టి రవ్వ. దాని చుట్టు పుట్టిన చిఱుమంటను ప్రక్కనే యున్న చల్లని లోహము పీల్చివేయును. ఇంజను నెమ్మదిగా ఆడునప్పుడు సిలిండరులోనికి వచ్చు మిశ్రమము కొంచెము. అందు పాతపొగ కూడ కలిసియుండును. అట్టి బలహీనమైన మిశ్రమమును పొట్టి రవ్వ అంటింపలేదు. అప్పుడు బండి నిలిచినచోట ఆగి ఆగి కొట్టుకొనును, పెట్రోలు వృథాయగును. సందు పెద్దదైనచో రవ్వ పొడవు, మంట చక్కగా నంటును, గాని దానికి వోల్టులెక్కువ కావలెను. బండి ఒంటరిగా చదునునేల మీద పోవునంతసేపు ఏ లోపమును కనబడదు. బరువు వేసి, ఎత్తెక్కించి, యాక్సిలరేటరు త్రిప్పినప్పుడు సిలిండరులోనికి మిశ్రమము నిండుగా వచ్చును, ఒత్తిడి పెరుగును, కాయిలు ఈయగల వోల్టులు చాలవు, రవ్వ దుముకదు. అనగా పెద్దసందు దోషము కష్టకాలముననే బయటపడును. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

ఇక ఈ రవ్వ పూర్వకథ. 1860లో పారిసున ఎతియెన్ లెన్వార్ అనునతడు గ్యాసు ఇంజనును విద్యుత్తు రవ్వతో నడిపెను. 1876లో నికొలాస్ ఓట్టో నాలుగు అడుగుల ఇంజనును నిర్మించినప్పుడు రవ్వను నమ్మక, చిన్న దీపపుమంటతోనే మిశ్రమము నంటించెను. రవ్వ నమ్మదగినది కాకుండుటయే నాటి మోటారుకర్తల పెద్ద బాధ. 1887, 1888 సంవత్సరములలో హైన్రిచ్ హెర్‌ట్‌జ్ అను శాస్త్రజ్ఞుడు ఒకచోట రవ్వ దుమికించి, కొంతదూరమున నున్న తీగచుట్ట సందులో సన్నని రవ్వను చూచెను. నేటి రేడియోకు పునాది ఆ రవ్వయే. కావున ఇంజనును రేడియోను ఒక్క రవ్వ కన్నబిడ్డలనిన తప్పు లేదు. వీధిలోని స్కూటరు మన రేడియోలో చిటపటలాడుట జ్ఞాతివైరము వంటిదే. 1902లో రాబర్ట్ బాష్ గారి కర్మాగారమున గాట్లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు ఎక్కువ వోల్టుల మ్యాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధము చేసెను. బ్యాటరీతో పని లేక, ఇంజను తిరుగుటచేతనే కరెంటు పుట్టించు సాధనము మ్యాగ్నెటో. తరువాత 1910 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ కెటెరింగ్ బ్యాటరీకాయిలు పద్ధతిని బాగుచేసెను. మ్యాగ్నెటో బండ్లకు మిల్లీమీటరులో సగము సందును, కాయిలు బండ్లకు అంతకంటె కొంచెమెక్కువ సందును పెట్టుట వాడుకయైనది. ఇప్పటి ఎలక్ట్రానికు పద్ధతి బండ్లలో మిల్లీమీటరు వఱకును, కొన్నిట పైగాను పెట్టుదురు. కరెంటు బలము పెరిగిన కొలది సందును పెంచగలిగిరి. ఎవరి శక్తికి తగిన ఎడము వారిది.

ఇప్పుడు మన సీమకు వత్తము. గద్వాల, వనపర్తి నిజాము రాజ్యములోని సంస్థానములు. గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రశస్తి కలదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఆ నేలను నడిగడ్డ యందురు. నాగరుకర్నూలు తాలూకా ముఖ్యస్థానము. ఈ మూడూళ్లును మహబూబునగరు జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. రాకపోకల చరిత్ర మాకు ఊరిపేర్లలోనే యున్నది. ఆలంపురము గుడులకు రాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇరుసులకు కందెన వేసికొన్న చోటు కందనవోలై, తరువాత కర్నూలయ్యెనని జనశ్రుతి. నాగరుకర్నూలునకును కందనూలను పేరు కలదు. ఎద్దుబండి ఇరుసు నూనె ఊరిపేరులో నిలిచినది. మోటారుబండి రవ్వకు అట్టి భాగ్యము పట్టలేదు.

సికింద్రాబాదు నుండి కర్నూలు వైపు పోవు రైలు గద్వాలను తాకును. వనపర్తికి రైలుస్టేషను కలదు గాని దాని పేరు వనపర్తి రోడ్డు. అనగా ఊరు అచ్చట లేదు, ఊరికి పోవు రోడ్డు మాత్రమే కలదని పేరే చెప్పుచున్నది. నాగరుకర్నూలునకు రైలే లేదు. స్టేషను నుండి ఇంటికి, ఇంటి నుండి ఆసుపత్రికి, సంతకు, కచ్చేరికి గల ఎడమును తొలుత ఎద్దుబండియు, తరువాత మోటారును పూరింపవలసి వచ్చెను. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వే తన రోడ్డు రవాణాశాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించెను. ప్రభుత్వమే ప్రజల కొఱకు బస్సులు నడపుట మన దేశమున నాటికి అరుదు. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బస్సులు నాటివి. అందొకటి హైదరాబాదులో భద్రపఱచబడినది. 1951లో ఆ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది.

నడుమ యుద్ధకాలము వచ్చెను. 1939 నుండి 1945 వఱకు జరిగిన రెండవ ప్రపంచ యుద్ధములో పెట్రోలు కొలతమీద దొరకసాగెను. మన దక్షిణదేశమున బస్సుల వెనుక ఇనుపకొలిమి తగిలించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపిరి. మా పెద్దలు వానిని బొగ్గుబస్సులనెడివారు. ఆ గ్యాసులో సగమునకు పైగా మండని నత్రజనియే యుండును. మండునవి కార్బను మోనాక్సైడును, కొంత ఉదజనియు. కావున ఇంజను బలము మూడవ వంతునకు పైగా తగ్గెడిది. మంట నెమ్మదిగా ప్రాకును గనుక రవ్వను ముందుగా వేయవలసి వచ్చెడిది. మసియు తారును ప్లగ్గుకు పట్టి, సందు పూడిపోయెడిది. డ్రైవరు దిగి ప్లగ్గులూడదీసి, తుడిచి, సందు సరిచేసి, మరల బిగించి బండి కదల్చెడివాడు. ప్రయాణికులు దిగి బస్సును త్రోయుటయు కలదు. ఆ దినములలో సందు కొలత నెఱిగినవాడు లేనిచో బస్సు లేదు. బస్సు లేనిచో ఊరికి ఊరు దూరమే.

యుద్ధము ముగిసిన పిమ్మట పెద్దబస్సులు క్రమముగా డీజెలునకు మాఱినవి. డీజెలు ఇంజనులో గాలిని అదుముటచేతనే పుట్టిన వేడికి నూనె మండును; దానికి ప్లగ్గు లేదు. అంతట మన రవ్వ పెద్దబండి దిగి చిన్నబండి యెక్కెను. జీపులలో, మోటారుసైకిళ్లలో, స్కూటర్లలో, పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడచు నీటి ఇంజనులలో స్థిరపడెను. 1951లో బెంగుళూరున మైకో సంస్థ ఏర్పడి, ప్లగ్గులు మన దేశముననే తయారగుట సాగెను. ఊరూర, మఱ్ఱిచెట్టు క్రిందనో రేకులషెడ్డులోనో, ఒక మెకానిక్కు వెలసెను. చదువు తక్కువ; చేతి విద్య యెక్కువ. అతడు ప్లగ్గు నూడదీసి, వైద్యుడు నాలుకను చూచినట్లు దాని కొనను చూచును. నల్లని మసి పట్టినచో నూనెయో పెట్రోలో ఎక్కువైనదనును. గోధుమవన్నెనున్నచో ఆరోగ్యమనును. తెల్లగా కాలిపోయినచో మిశ్రమములో పెట్రోలు తక్కువైనదనును, లేదా ఇంజను వేడెక్కుచున్నదనును. రెండు అడుగుల స్కూటర్లలో నూనె కలిపిన పెట్రోలు పోయుదురు గనుక, ఒక్కొక్కప్పుడు మసిపోగు సందులో వంతెనవలె నిలిచి రవ్వనే చంపును. పెట్రోలులో దొంగతనముగా కిరసనాయిలు కలిపినను ప్లగ్గే ముందు చెప్పును. నాడు పెట్రోలులో సీసమును కలిపెడివారు. ఆ బూడిదయు ప్లగ్గునకే పట్టెడిది. 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి మన దేశమంతటను సీసపు పెట్రోలు నిలిచిపోయినది. ఏ మలినమును లేకున్నను, ఒక్కొక్క రవ్వయు లోహమును అణువణువు తినివేయుచునే యుండును గనుక, సందు తనంత తానే పెరుగుచుండును. కొన్నివేల కిలోమీటర్లకొకసారి దానిని దగ్గఱ చేయవలెను.

ఇక నా తప్పును మనవి చేసెదను. 1986లో నేను నాగరుకర్నూలు సమీపమున నొక పల్లెబడిలో పని చేయుచుంటిని. పాత స్కూటరొకటి కొంటిని. ఒక పుస్తకములో, సందు పెద్దదైన రవ్వ పెద్దదగునని, మిశ్రమము బాగుగా మండునని చదివితిని. అందలి మాట అబద్ధము కాదు. కరెంటు బలముగా నున్నచో అను షరతును నేను గమనింపలేదు. ఒక ఆదివారము ప్లగ్గు నూడదీసి, స్క్రూడ్రైవరుతో పై కొనను లేపి, అర మిల్లీమీటరు పైచిలుకుగా నున్న సందును మిల్లీమీటరు చేసితిని. కిక్కు కొట్టగానే ఇంజను చక్కగా పలికినది. ఊరిలో రెండు చుట్లు తిరిగి, మెకానిక్కునకు ఈయవలసిన రూపాయలు మిగిలినవని సంతోషించితిని.

ఆ వారమే మా బడిలో పదవ తరగతి ముగించిన బాలునకు వనపర్తిలో పాలిటెక్నికు ప్రవేశపరీక్ష. తండ్రి లేడు; తల్లి కూలికి పోవును. తొలి బస్సులో పంపుమని ఆమె యనగా, బస్సెందుకమ్మా, నేను స్కూటరు మీద దింపెదనని గర్వముగా పలికితిని. తెల్లవాఱకమునుపే బయలుదేరితిమి. చదునున్నంతవఱకు బండి బాగుగనే పోయినది. గోపాలపేట సమీపించు మిట్టలలో ఎదురుగాలి తగిలి, ఇద్దఱి బరువు పడగా, యాక్సిలరేటరు త్రిప్పిన ప్రతిసారియు ఇంజను దగ్గి చచ్చిపోవసాగెను. నిలిపినచో మరల అంటుకొనును, ఎక్కినచో ఆగును. పెట్రోలులో చెత్త పడినదనుకొని కార్బురేటరు విప్పితిని. లోపము నా చేతిలో పుట్టినదను తలంపే నాకు రాలేదు. బాలుడు నా వంకను, సూర్యుని వంకను చూచుచు నిలిచెను. ఒక్క మాటయు అనలేదు.

రెండు మైళ్లు త్రోసికొనిపోగా దారిప్రక్క ఒక గుడిసె కనబడెను. అందొక ముసలి మెకానిక్కు అప్పుడే పంపు కడుగుచుండెను. ప్లగ్గు నూడదీసి, వెలుగునకు పట్టి చూచి, అతడనిన మాట నాకీనాటికిని చెవిలో నున్నది. "సారూ, గింత సందు ఎవరు వెట్టిండ్రు? గీ బక్క కరెంటు గంత దూరం ఎట్ల దుంకుతది? ఖాళీ బండైతె దుంకుతదేమో గాని, బరువు వడితె దుంకదు." నేనేమియు పలుకలేదు. అతడు ప్లగ్గు కొనను రాతిమీద మెల్లగా తట్టి, జేబులోనుండి విఱిగిన హాక్సా బ్లేడు ముక్కను తీసి సందులో దూర్చెను. "బిర్రుగ ఉండొద్దు, లూజుగ ఉండొద్దు. బ్లేడు గీసుకుంట రావాలె" అని బాలునకు చూపెను. ఆ బ్లేడు మందము మిల్లీమీటరులో ఆఱు పదవ వంతులకు కొంచెము పైన. స్కూటరునకు వలసిన సందును ఇంచుమించుగా అంతే. తూనికరాళ్లు లేని పల్లెలో మానికతో కొలిచినట్లు, అతనికి ఆ విఱిగిన ముక్కయే కొలత.

బండి కదలినది. గోపాలపేట దాటి పరుగెత్తినది. కాని పరీక్షాస్థానము చేరునప్పటికి తలుపులు మూసియుండెను. నియమము నియమమే, వారి తప్పు లేదు. ఆ బాలుడు ఒక సంవత్సరము పోగొట్టుకొనెను. ఆ సంవత్సరమంతయు పత్తిచేలలో కూలికి పోయెను. సాయంకాలము బడి వదలి పోవునప్పుడు అతడు దారిలో ఎదురై నమస్కరించిన ప్రతిసారియు నేను తలవంచుకొనెడివాడను. మఱుసటి యేడు ముందునాటి సాయంకాలమే బస్సులో పోయి, పరీక్ష వ్రాసి, చోటు సంపాదించెను.

అతడు చేరిన వనపర్తి పాలిటెక్నికు 1959లో స్థాపింపబడినది. అది వనపర్తి సంస్థానాధీశుల కోటలోనే నడచుచున్నది. ఒకనాడు కవిపండితులు సత్కారములందిన మేడలలో కూలివాని కొడుకు యంత్రవిద్య నభ్యసించెను. నాకది సంస్థానముల చరిత్రలో చివరి యధ్యాయము కాదు, క్రొత్త యధ్యాయముగా తోచును. రెండవ యేట సెలవులకు వచ్చినప్పుడు అతడొక విద్యుచ్ఛాస్త్ర గ్రంథమును నా యెదుట విప్పి, పాషెన్ నియమమున్న పుటను చూపి, "సార్, గోపాలపేట తాత చెప్పింది గిదే గదా" అనెను. చూచితిని. దూరమును ఒత్తిడిని గుణించిన లబ్ధము. దానికి తగిన వోల్టులు. గీ బక్క కరెంటు గంత దూరం దుంకదు. బరువు పడితె అసలే దుంకదు. 1889లో జర్మనీలో లెక్కకట్టి తేల్చిన విషయమును, ఆ పేరైనను విననివాడు, మిట్టదారి ప్రక్క గుడిసెలో, తన చెవితోడను చేతితోడను తేల్చుకొనియుండెను. ఇద్దఱిలో ఎవరిని పండితుడనవలెనో నాకు తెలిసినది. నాకు మాత్రము ఆ పేరు చెల్లదనియు తెలిసినది.

ఆ మెకానిక్కు పేరు నేనడుగలేదు. అతడు తీసికొన్నది రెండు రూపాయలు. తరువాత కొన్నియేండ్లకు ఆ దారిన పోయినప్పుడు గుడిసె లేదు. ఇదియే నేటి ప్రసంగమునకు నన్ను పురికొల్పిన బాధ. మా గద్వాల సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారిని మీరెఱుగుదురు. తెలంగాణమున కవులు లేరనిన మాటకు సమాధానముగా, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను లోకమునకు చూపిన మహనీయుడాయన. 1949లో వెలువడిన ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల యుద్ధముల చరిత్ర కాదు. ప్రజలు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, చేసిన పని, వీని చరిత్ర. 1952లో ఆయన వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. అట్టివాని సీమలో పుట్టిన మనము, గత నూఱేండ్లుగా మన ఊళ్లను కలిపిన చేతుల చరిత్రను వ్రాసికొనలేదు. బొగ్గుబస్సు డ్రైవర్ల మాటలు పోయినవి. మ్యాగ్నెటో సందును కంటితోనే కొలిచినవారు పోయిరి.

పని మిగిలియున్నవారికిని కాలము మాఱినది. 2020 ఏప్రిలు నుండి అమలైన భారత్ స్టేజి ఆఱు నియమములతో క్రొత్త ద్విచక్రములలో రవ్వ సమయమును, పెట్రోలు కొలతను చిన్న కంప్యూటరే చూచుకొనుచున్నది. ఇరిడియము కొన గల ప్లగ్గులు చిరకాలము అఱుగక నిలుచును; వాని సందును బలవంతముగా మార్పరాదు, సన్నని కొన విఱుగును. విద్యుత్తు బండ్లకు ప్లగ్గే లేదు. అది మంచిదే, గాలి చెడదు, చెవి చిల్లులు పడదు. నేను పాతదానిని పట్టుకొని వ్రేలాడుమని చెప్పుటలేదు. పాతదానితో పాటు దాని నెఱిగినవారి మాటలు కూడ పోవుచున్నవని మాత్రమే చెప్పుచున్నాను.

కావున ఉపాధ్యాయ సోదరులకు నాదొక విన్నపము. మీ ఊరి బస్సుస్టాండు ప్రక్కనున్న ముసలి మెకానిక్కు కడకు నలుగురు పిల్లలను పంపుడు. ఆయన పేరు, గురువు పేరు, మొదట పట్టిన బండి పేరు వ్రాయుమనుడు. సందును దేనితో కొలిచెడివారో అడుగుమనుడు. దుంకుట, మిస్సు కొట్టుట, బిర్రు, లూజు అను మాటలను ఆయన పలికినట్లే వ్రాయుమనుడు, సవరింపవలదనుడు. నాలుగు బడులు ఈ పని చేసినచో మూడు జిల్లాల మోటారు చరిత్రకు ఒక సంచిక యగును.

గద్వాల చీరను నేయువారు నూలు ఒంటిని పట్టు అంచును ఒకచోట కుట్టుతో కలుపుదురు. చూచువారు ఒంటిని మెచ్చుదురు, అంచును మెచ్చుదురు. కుట్టును చూచువారు తక్కువ. కట్టుకొన్నవారికి మాత్రము చీర నిలిచినది దేనివలననో తెలియును. ఆనాటి బాలుడు ఇప్పుడు విద్యుత్తు శాఖలో ఉద్యోగము చేసి, విశ్రాంతికి సమీపించినాడు. కిందటి సంక్రాంతికి మా యింటికి వచ్చి, ఒక చిన్న పొట్లము నా చేతిలో పెట్టెను. విప్పి చూడగా విఱిగిన హాక్సా బ్లేడు ముక్క. ఆ దినము తాత తనకే యిచ్చెనట, ఇన్నాళ్లు దాచెనట. నేనది నా బాలవ్యాకరణము పుటల నడుమ ఉంచితిని.